ఫర్మ్ పేరు మాది, డొమైన్ ఇంకొకరిది: విజయనగరంలో ఐదు నెలల నా అనుభవం

2025 జూన్ 9, సోమవారం. మామిడి తాండ్ర అమ్మకానికి పెట్టుకున్న భాగస్వామ్య ఫర్మ్ డీడ్ మీద నేనూ బావా సంతకాలు పెట్టిన రోజు. ఆ సాయంత్రమే ఫర్మ్ పేరుతో డొమైన్ (వెబ్‌సైటు చిరునామా) వెతికితే డాట్ ఇన్ ఖాళీగా ఉంది. డాట్ కో డాట్ ఇన్ కూడా ఖాళీయే. డాట్ కామ్ మాత్రం ఎవరో ఎన్నడో కొనేసుకున్నారు. ఐదొందల తొంభై రూపాయల పని, ఫోను చేతిలోనే ఉంది. అయినా కొనలేదు.

కొనకపోవడానికి కారణం ఇద్దరు చెప్పిన మాట. మెల్‌బోర్న్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు, "ఇక్కడ బిజినెస్ నంబరు చూపించకుండా డొమైన్ ఇవ్వరు, ముందు రిజిస్ట్రేషన్ కానీ తమ్ముడూ" అంది. డాక్యుమెంట్ రైటరు, "సర్టిఫికెట్ రానీండి బాబూ, పేరుకేటి తొందర, ఎక్కడికీ పోదు" అన్నాడు. అక్క చెప్పింది అక్కడి డాట్ కామ్ డాట్ ఏయూకి చాలామటుకు నిజం. విజయనగరానికి అది వర్తించదని తెలిసేసరికి ఇరవై మూడు రోజులు గడిచిపోయాయి.

డాట్ ఇన్ 2005 నుంచీ ఎవరికైనా తెరిచి ఉన్న తలుపు. ఫర్మ్ సర్టిఫికెట్టూ జీఎస్టీ నంబరూ అక్కర్లేదు, భారతీయుడై ఉండాలని కూడా లేదు. ముందు అడిగినవాడికి ముందు. డాట్ కో డాట్ ఇన్, డాట్ ఫర్మ్ డాట్ ఇన్, డాట్ నెట్ డాట్ ఇన్ అన్నీ అంతే. 'ఫర్మ్' అన్న మాట చూసి రిజిస్టరైన ఫర్మ్‌లకే ఇస్తారనుకున్నాను, కాదు. అర్హత చూసి ఇచ్చేవి వేరే ఉన్నాయి. డాట్ గవ్ డాట్ ఇన్ ప్రభుత్వానికి, డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకి, కొత్తగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ బ్యాంకులకి మాత్రమే. బ్యాంకులన్నీ అందులోకి మారడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు 2025 అక్టోబరు 31.

ఇక ఫర్మ్ రిజిస్ట్రేషన్. మా పేరు 'శ్రీ పైడితల్లి'తో మొదలై 'అండ్ కో'తో ముగుస్తుంది. ఈ ఊళ్లో ఆ అమ్మ పేరు పెట్టుకోని వ్యాపారం వెతకాలి. కిరాణా, ఫ్యాన్సీ, ఐరన్, టెంట్ హౌస్, అన్నీ పైడితల్లే. అన్ని ఉంటే మనకిస్తారా అని బెంగ పడ్డాను, అనవసరంగా. 1932 నాటి భాగస్వామ్య చట్టం 58వ సెక్షన్ ప్రభుత్వ ఆమోదం ఉందనిపించే మాటల్ని ఆపుతుంది. అదే పేరుతో ఇంకో ఫర్మ్ ఉందా అన్న ప్రశ్న ఆ మూల చట్టంలో లేదు. అంటే ఆ సర్టిఫికెట్టు మన ఫర్మ్ ఉందని చెబుతుందే కానీ, ఆ పేరు మనదొక్కరిదే అని చెప్పదు. ఈ తేడా నాకు జులైలో గానీ తలకెక్కలేదు.

కంపెనీ పెట్టేవాళ్లకి లెక్క వేరు. స్పైస్ ప్లస్ (కంపెనీ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ ఫారం) పార్ట్-ఎ లో వెయ్యి రూపాయలు కట్టి రెండు పేర్లు ఇస్తే, ఉన్న కంపెనీల పేర్లతో పోల్చి చూస్తారు. ఓకే అయితే ఇరవై రోజులు ఆ పేరు మన కోసం ఆపుతారు. ఆ పోలికలో పేరు చివర డాట్ కామ్, డాట్ నెట్ లాంటివి తగిలించినా లెక్కలోకి తీసుకోరు. బహువచనం, స్పేసు, స్పెల్లింగు మార్పు, వెనకాల ఊరి పేరు, ఇవీ పనికిరావు. డొమైన్‌కి సరిగ్గా దీనికి తలకిందులు. ఒక్క అక్షరం తేడా ఉంటే చాలు, అది వేరే పేరు, వేరే మనిషికి అమ్మేస్తారు. రెండు లెక్కలు ఒకేలా ఉంటాయనుకుని మోసపోయేవాళ్లు చాలామంది.

జూన్ 12న అప్లికేషను పెట్టాం. 16న తిరిగొచ్చింది. కారణం ఒక్కటే, స్పెల్లింగు. డీడ్‌లో పైడితల్లికి పి పక్కన వై, షాపు అద్దె అగ్రిమెంటులో పి పక్కన ఎ-ఐ. ఇంగ్లీషులో అమ్మవారి పేరు రాయడానికి ఈ ఊళ్లో కనీసం ఐదు పద్ధతులున్నాయి. టి పక్కన హెచ్ ఉంటుందో ఉండదో, చివర ఐ యో వై యో ఎవరిష్టం వారిది. డీడ్ మళ్లీ రాయించడం కంటే అగ్రిమెంటు మార్చుకోవడం తేలిక కాబట్టి షాపు ఓనరుగారిని బతిమాలి కొత్తది రాయించి, 19న మళ్లీ పెట్టాం. సర్టిఫికెట్టు జులై 1న వచ్చింది. స్టాంపు పేపర్లు, రైటరు, రాకపోకలు కలిపి మాకు నాలుగు వేల ఐదొందలయింది.

ఈలోగా డీడ్ కాపీతో ఫర్మ్ పాన్‌కి పెట్టాం, నూరు రూపాయల పైచిలుకు. పాన్ నంబరులో నాలుగో అక్షరం చూడండి, మనిషిదైతే పి, ఫర్మ్‌దైతే ఎఫ్, కంపెనీదైతే సి. మాది ఎఫ్ తోనే వచ్చింది గానీ, నింపినతను 'అండ్' అన్న మాట బదులు ఆ మెలికల గుర్తు (&) కొట్టాడు. రూపాయి కష్టం లేని తప్పే అనుకున్నాం. కరెంటు అకౌంటు దగ్గర బ్యాంకువాళ్లు సర్టిఫికెట్టులో ఒకటీ పాన్‌లో ఒకటీ ఉందని తొమ్మిది రోజులు ఆపారు. ఇద్దరి సంతకాలతో డిక్లరేషన్ ఇచ్చాక తెరిచారు. డొమైన్‌లో అసలు ఆ గుర్తే పట్టదు. అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్, అంతే. హైఫన్ మొదట్లోనూ చివరా రాకూడదు, చుక్కల మధ్య ముక్క 63 అక్షరాలు దాటకూడదు. కాబట్టి పేరు అనుకునే రోజునే 'అండ్'లూ గుర్తులూ లేకుండా చూసుకోండి.

జులై 2 పొద్దున్న సర్టిఫికెట్టు పక్కన పెట్టుకుని డొమైన్ కొనడానికి కూర్చున్నాను. డాట్ ఇన్ లేదు. హూయిజ్ (డొమైన్ ఎప్పుడు, ఎవరి పేరున రిజిస్టరైందో చూపించే రికార్డు) తీస్తే రిజిస్టరైన తేదీ జూన్ 24. మేం చూసి వదిలేసిన పదిహేనో రోజు. ఎవరో మనం వెతికింది కనిపెట్టి కొట్టేశారని మొదట కోపం వచ్చింది. సాయంత్రం మళ్లీ చూస్తే అందులో సైటు లేచింది. వేరే జిల్లాలో అదే అమ్మవారి పేరు పెట్టుకున్న వేరే వ్యాపారం. వాళ్ల తప్పేమీ లేదు, మాలాగే పేరు పెట్టుకున్నారు, మాకంటే ముందు కొన్నారు. ఆ రాత్రి బావ నాతో మాట్లాడలేదు. ఐదొందల తొంభై రూపాయలు.

సర్టిఫికెట్టు మన దగ్గరుంది కదా, ఫిర్యాదు చేయొచ్చు కదా అని అందరూ అడిగారు. డాట్ ఇన్ తగాదాలకి ఐఎన్‌డీఆర్‌పీ అనే పద్ధతి ఉంది, ఆర్బిట్రేటరు తేలుస్తారు. గెలవాలంటే మూడూ చూపించాలి. డొమైన్ మన పేరుతో గానీ మన ట్రేడ్‌మార్కుతో గానీ ఒకటేననిపించేలా ఉండాలి, ఆ పేరు మీద మనకి హక్కుండాలి. తీసుకున్నవాళ్లకి ఆ పేరుతో న్యాయమైన సంబంధం లేకపోవాలి. వాళ్లు దురుద్దేశంతో తీసుకునో, వాడుతూనో ఉండాలి. డొమైన్ పేరుకీ వ్యాపార గుర్తుకున్నట్టే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పిన మాట నిజమే. కానీ అక్కడ ముందు నుంచీ పేరు తెచ్చుకున్నవాళ్లు గెలిచారు. మాది ఒక్క పొట్లం కూడా అమ్మని ఫర్మ్, సర్టిఫికెట్టు వయసు ఒక రోజు. మూడింటిలో రెండోది, మూడోది మా వల్ల కాదు. వదిలేశాం.

డాట్ కామ్ మీద ఆశ పెట్టుకోవచ్చా అంటే, దాని గడువు ఆగస్టులో అయిపోతుందని కనిపించింది. ఆ రోజే ఖాళీ అవుతుందనుకోవద్దు. గడువు దాటాక రిజిస్ట్రారు (డొమైన్ అమ్మే సంస్థ) నలభై అయిదు రోజుల దాకా ఉంచుకోవచ్చు, తర్వాత ముప్పై రోజులు పాత యజమాని ఎక్కువ డబ్బు కట్టి వెనక్కి తీసుకునే వీలుంది, ఆపైన అయిదు రోజులకి గానీ చెరిగిపోదు. మంచి పేరైతే అప్పటిదాకా రానే రాదు, మధ్యలో వేలం వేస్తారు. అది ఆఖరికి పాత యజమానే రెన్యువల్ చేసుకున్నాడు.

ఇక్కడ మేం దారి మార్చాం. ఫర్మ్ పేరు కాగితాల మీద అలాగే ఉంచి, అమ్మకానికి వేరే చిన్న బ్రాండు పేరు. (ఆ పేరు ఇక్కడ రాస్తే ప్రచారమవుతుంది, రాయను.) మొదట 'భీమాళి తాండ్ర' అనే పెడదామన్నాడు బావ. సరుకు తెచ్చేది అక్కడి నుంచే. డొమైన్‌గా దొరికితే ఎవరూ అడ్డు చెప్పరు, నిజమే. కానీ ట్రేడ్‌మార్కుకి వెళ్తే సరుకు రకం, సరుకు వచ్చే ఊరు మాత్రమే చెప్పే మాటలకి ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ అడ్డు పడుతుంది. దేవుళ్ల పేర్ల దగ్గరా చిక్కే. 2015లో సుప్రీంకోర్టు 'రామాయణ్' అన్న మాటని అగరువత్తులకి ఒక్కరి సొత్తుగా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పైడితల్లి పేరుతో డొమైన్ కోల్పోయామన్న బాధ అది చదివాక సగం తగ్గింది. దొరికినా రేపు దాన్ని ఇంకొకరు వాడకుండా ఆపగలిగేవాళ్లం కాదు.

ఈసారి వరస మార్చాం. ముందు ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్, ఊరికే చూసుకోవచ్చు. ట్రేడ్‌మార్కులకి సరుకుల్ని క్లాసులుగా విడగొట్టారు; తాండ్ర పండుతో నిలవ చేసిన సరుకు కాబట్టి 29వ క్లాసు, మిఠాయిల్లాంటివి ఉండే 30 కూడా. రాసినట్టు కాకుండా పలికినట్టు వెతికే ఫొనెటిక్ సెర్చ్ ఒకటుంది, అది తప్పకుండా చేయండి. అక్కడ ఖాళీ అనిపించాక డాట్ ఇన్, డాట్ కామ్ రెండూ అరగంటలో, జులై 3న. డాట్ ఇన్ 590, డాట్ కామ్ 1,120. ఇవి మొదటి ఏడాది ధరలు. రెన్యువల్ ధర పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చూసి లెక్కేసుకోవాలి.

కొన్నది నేను కాదు, సైటు చేసే కుర్రాడు. వాడి అకౌంటులో, వాడి పేరు మీద. నిమిషంలో అయిపోతుందన్నా అన్నాడు, సరేనన్నాను. మొత్తం వ్యవహారంలో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. డొమైన్‌కి యజమాని ఎవరంటే డబ్బు ఎవరిచ్చారని చూడరు, రిజిస్ట్రంట్ గడిలో ఎవరి పేరుందో వాళ్లే. దాని ఫలితం రెండు విడతలుగా తగిలింది.

మొదటిది జులై 18. పొద్దున్నే డాట్ కామ్ సైటు మాయం. డాట్ కామ్ లాంటివి కొన్నాక ఈమెయిలు నిర్ధారించమని లింకు వస్తుంది, పదిహేను రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. ఆ మెయిలు కుర్రాడి పాత ఐడీకి పోయింది, వాడు చూడలేదు. నొక్కాక మూడు గంటల్లో తిరిగొచ్చింది. డాట్ ఇన్‌కి కేవైసీ కూడా అడిగారు, అదీ వాడి ఆధార్‌తో అయింది. డాట్ ఇన్‌లో వివరాలు దాచే ప్రైవసీ సేవ కూడా పెట్టుకోకూడదు. కాబట్టి ఆ గడుల్లో మొదటి నుంచీ సరైన పేరే ఉండాలి.

జీఎస్టీ జులై 7న పెట్టాం. తాండ్ర పార్శిలు ఒడిశా బోర్డరు దాటిందంటే టర్నోవరు ఎంతయినా జీఎస్టీ ఉండాల్సిందే, 40 లక్షల మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మే సరుకులకే. ఫీజు లేదు. లీగల్ నేమ్ పాన్ నుంచి తనంత తానే వస్తుంది, మెలికల గుర్తుతో సహా. ట్రేడ్ నేమ్ మనం రాయాలి. నేను ఆలోచించకుండా అక్కడా ఫర్మ్ పేరే కొట్టాను. 11న రెగ్-03 నోటీసు, కరెంటు బిల్లు పాతదని. ఏడు పనిదినాల్లో జవాబివ్వాలి, 14న ఇచ్చాం, 22న 37తో మొదలయ్యే నంబరు వచ్చింది. ఆధార్ ధ్రువీకరణ మాకు ఓటీపీతోనే అయిపోయింది. కొందరికి వేలిముద్రల కోసం కేంద్రానికి రమ్మని వస్తుంది, ఇద్దరు పార్ట్‌నర్లూ ఊళ్లో ఉండేలా చూసుకోండి.

ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషను) పది నిమిషాల పని, పైసా ఫీజు లేదు. వెతికితే మాత్రం పైన వచ్చేవి రెండు మూడు వేలు అడిగే ప్రైవేటు సైట్లు, పేర్లలో ఉద్యమ్ అనే ఉంటుంది, రంగులూ అవే. డొమైన్ అర్హత నియమం మనకి అక్కరకొచ్చేది ఇక్కడే. ఉద్యమ్ అసలు సైటు చిరునామా డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది, అలా ముగియనిది ఆ సైటు కాదు. ఆహార భద్రత రిజిస్ట్రేషనుకి అప్పుడు ఏడాదికి నూరు రూపాయలు, ఎనిమిది రోజుల్లో వచ్చింది.

మొత్తానికి జులై 25కి అన్నీ చేతికొచ్చాయి. అప్పటిదాకా ఒక్కరంటే ఒక్కరు ఫర్మ్ పేరునీ డొమైన్‌నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి డొమైన్‌తో పనిలేదు, డొమైన్ అమ్మినవాళ్లకి ఫర్మ్‌తో పనిలేదు. మొదటిసారి చూసింది పేమెంట్ గేట్‌వే, అంటే సైటులో కొనేవాళ్ల డబ్బు మనకి చేర్చే సంస్థ.

జులై 30న వాళ్ల తిరస్కరణ మెయిలు, మూడు అభ్యంతరాలతో. సైటు మీద ఉన్న పేరు మీ పత్రాల్లో ఎక్కడా లేదు. డొమైన్ కొన్న ఇన్‌వాయిసు వేరే వ్యక్తి పేరు మీద ఉంది. రిఫండు, డెలివరీ, ప్రైవసీ పేజీలు లేవు. మూడోది ఒక రాత్రిలో రాసేశాం. ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం లీగల్ నేమ్, చిరునామా, ఫోను, గ్రీవెన్స్ ఆఫీసరు పేరు ఎలాగూ పెట్టాల్సిందే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. మా గ్రీవెన్స్ ఆఫీసరు బావే.

రెండో అభ్యంతరానికి కుర్రాణ్ణి బతిమాలుకోవాల్సి వచ్చింది. మంచివాడు కాబట్టి సరిపోయింది. అదే రిజిస్ట్రారులో ఫర్మ్ పేరుతో అకౌంటు తెరిచి డొమైన్లు అందులోకి నెట్టించాం, గంటలో అయింది. వేరే రిజిస్ట్రారుకి మార్చాలంటే మాత్రం కొన్న అరవై రోజుల లోపల కుదరదు. ఆర్గనైజేషన్ గడిలో ఫర్మ్ పేరు, సర్టిఫికెట్టులో ఉన్న స్పెల్లింగుతో, అక్షరం పొల్లు పోకుండా. ఈమెయిలు మాత్రం అదే డొమైన్ మీద ఉన్నది ఇవ్వకండి. డొమైన్ ఆగిపోయిన రోజున రెన్యువల్ మెయిలు కూడా మీకు రాదు.

మొదటి అభ్యంతరానికి జీఎస్టీలో అదనపు ట్రేడ్ నేమ్‌గా బ్రాండు పేరు చేర్చాలి. పేరు మార్పు కోర్ సవరణ కిందికి వస్తుంది, అధికారి ఆమోదించాలి. ఆగస్టు 4న పెట్టాం, 14న వచ్చింది. సైటు అడుగున 'ఇది ఫలానా ఫర్మ్ వారి బ్రాండు' అని ఒక వాక్యం వేశాం. 20న గేట్‌వే తెరిచారు. జులై 7నాడు ఆ గడిలో బ్రాండు పేరు కూడా కొట్టి ఉంటే ఈ మూడు వారాలు మిగిలేవి. జూన్‌లో ఎండబెట్టిన తాండ్ర ఆగస్టు దాకా గోదాములో ఉంది, వానాకాలం చెమ్మ. పదకొండు కేజీలు పారబోశాం.

తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ కూడా సరదాకి తీసుకున్నాం. ఎ-ఐ, వై గొడవ ఉండదు కదా అని. కానీ గేట్‌వే ఫారం తెలుగు అక్షరాలు తీసుకోలేదు, 'ఎక్స్ ఎన్' పక్కన రెండు హైఫన్లతో మొదలయ్యే దాని మారురూపం ఇవ్వాల్సొచ్చింది. ఇప్పుడది అసలు సైటుకి దారి చూపించే బోర్డులా ఉంది.

సెప్టెంబరులో అక్క కథ. అక్కడి తెలుగువాళ్లకి అమ్మడానికి డాట్ కామ్ డాట్ ఏయూ తీసుకుందామంది. మా ఫర్మ్ పేరు మీద కుదరదు. దానికి ఆస్ట్రేలియాలో ఉనికి ఉండాలి, అంటే పదకొండు అంకెల ఏబీఎన్ (అక్కడి బిజినెస్ నంబరు) ఉన్న వ్యాపారం లాంటిది. బయటి దేశం వాళ్లకి ఉన్న దారి ఆస్ట్రేలియా ట్రేడ్‌మార్కు, అప్పుడు కూడా డొమైన్ ఆ మార్కులోని మాటలకి అచ్చు గుద్దినట్టు ఉండాలి. ఉనికి ఒక్కటే చాలదు, పేరుకీ లంకె కావాలి. తన వ్యాపారం పేరో, దాని పొడి అక్షరాలో, తను నిజంగా అమ్మే సరుకు పేరో అయి ఉండాలి. 2022 మార్చి 24 నుంచి వచ్చిన ఉత్తి డాట్ ఏయూకి పేరు లంకె అక్కర్లేదు, ఉనికి చాలు.

అక్కకి ట్యూషన్ల కోసం తీసిన ఏబీఎన్ ముందే ఉంది. మా బ్రాండుని అక్కడి ఏసిక్‌లో (కంపెనీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) బిజినెస్ నేమ్‌గా ఏడాదికి రిజిస్టరు చేసింది, సుమారు 45 డాలర్లు. అదే రోజు డొమైనూ దొరికింది. ఏబీఎన్ నంబరు కొట్టగానే సరిచూసుకుంటారు. అయితే అక్కడా బిజినెస్ నేమ్ వచ్చినంత మాత్రాన డొమైన్ మనకోసం ఆగి ఉండదు. అది అర్హత మాత్రమే. వేరే ఎవరైనా అర్హులు ముందు తీసుకుంటే వాళ్లదే. జూన్‌లో తను చెప్పినదాన్ని మేం 'రిజిస్ట్రేషనుంటే డొమైన్ మనదే' అని అర్థం చేసుకున్నాం. తను అన్నది అది కాదు.

ఆ డొమైన్ లైసెన్సు అక్కది, మా ఫర్మ్‌ది కాదు. ఉనికి లేని మాలాంటివాళ్లకి తను అద్దెకివ్వడానికీ లేదు, ఏబీఎన్ రద్దయితే లైసెన్సుకీ ఎసరు. కాబట్టి అది తన వ్యాపారం, మేం తనకి సరుకు పంపేవాళ్లం అని కాగితం రాసుకున్నాం. చుట్టరికంలో కాగితమేంటని పెద్దమ్మ నొచ్చుకుంది. రాసుకున్నాం.

ట్రేడ్‌మార్కుకి సెప్టెంబరు 8న టీఎం-ఎ ఫారం, ఫర్మ్ పేరు మీద, ఒక్క క్లాసుకి. మామూలుగా 9,000, ఉద్యమ్ సర్టిఫికెట్టు జతచేస్తే 4,500. మన రాష్ట్రానికి చెన్నై ఆఫీసు. ఆ రోజు నుంచి పొట్లం మీద టీఎం వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ మాత్రం రిజిస్ట్రేషను వచ్చాకే, ముందే వేస్తే నేరం. ప్రింటరు అలవాటుగా ఆర్ వేసి రెండు వేల కవర్లు కొట్టాడు, అవన్నీ మూల పడున్నాయి.

నవంబరు 10న చూస్తే అప్లికేషను 'ఫార్మాలిటీస్ చెక్ పాస్' అని ఉంది. పరీక్ష కావాలి, తర్వాత జర్నల్లో వేస్తారు, వేశాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. డాట్ ఇన్ రెన్యువల్ 2026 జులై 3. ఈసారి కార్డు బావది, అకౌంటు ఫర్మ్‌ది, అలారం జూన్ 1కి పెట్టాను.